ట్రయథ్లాన్ కొత్త సీజన్: మొదటి రేసు దాకా 14 వారాల తయారీ

ట్రయథ్లాన్ అంటే ఒకే రేసులో ఈత, సైకిల్, పరుగు వరసగా చేయడం. జులై వచ్చిందంటే కుర్రాళ్లూ అమ్మాయిలూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "రేసు అక్టోబరు చివర్లో ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అడిగేవాళ్లంతా 16 నుంచి 20 ఏళ్ల లోపు వాళ్లు, కిందటి ఏడు ఒకటో రెండో రేసులు చేసినవాళ్లు. వేసవిలో పరీక్షలని, ఊరెళ్లామని రెండు మూడు నెలలు సాధన వదిలేసి ఉంటారు. ఈ మార్గదర్శి వాళ్ల కోసమే.

నేనుండేది విశాఖలో కాబట్టి రోడ్లు, సముద్రం, ఉక్కపోత అన్నీ ఇక్కడివే ఉదాహరణలుగా చెప్తాను. హైదరాబాద్ వాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెప్పాను. అన్నిటికన్నా ముందు ఒక్కమాట: మొదటి ఐదు వారాలు వేగం జోలికి పోకండి. కిందటి సీజన్ చివర్లో మీ వాచీ చూపించిన అంకెలు అప్పటి ఒంటివి. ఇప్పటి ఒళ్లు వేరు.

## 1. రేసు ఎంచుకుని, వెనక్కి లెక్కపెట్టండి

ముందు దూరం తేల్చుకోండి.

- స్ప్రింట్: 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు
- ఒలింపిక్ దూరం: 1.5 కి.మీ., 40 కి.మీ., 10 కి.మీ.
- 70.3 (మొత్తం దూరం మైళ్లలో): 1.9 కి.మీ., 90 కి.మీ., 21.1 కి.మీ.

జూనియర్లు పోటీపడే దూరం స్ప్రింటే. 18 నిండగానే గోవాలో జరిగే 70.3 రేసు చేసెయ్యాలని చాలామందికి ఉంటుంది. నా సలహా: రెండు సీజన్లు స్ప్రింట్, ఒలింపిక్ దూరాల్లో గడిపాకే అటు వెళ్లండి. ఎదిగే వయసులో వేగం, నైపుణ్యం త్వరగా పట్టుబడతాయి. పొడవు దూరాలకు కావలసిన ఓర్పు పాతికేళ్ల వయసు దాటాక కూడా పెంచుకోవచ్చు.

సీజన్‌కు అసలు రేసు ఒక్కటే పెట్టుకోండి. దానికి మూడు నాలుగు వారాల ముందు అభ్యాసం కోసం ఒక చిన్న రేసు చాలు. అసలు రేసు తేదీ నుంచి 14 వారాలు వెనక్కి వెళ్తే మీ మొదలు తేదీ వస్తుంది. ఆ 14 వారాల్లో కాలేజీ పరీక్షలు, ఇంట్లో పెళ్లిళ్లు, దసరా ప్రయాణాలు ఎక్కడ పడుతున్నాయో ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి. వాటినే తేలిక వారాలుగా వాడుకోవచ్చు.

ముందే చూసుకోవలసినవి:

- వయసు లెక్క. మీ వర్గాన్ని సాధారణంగా రేసు జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి నిండే వయసును బట్టి నిర్ణయిస్తారు
- పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్. రెండిట్లో పేరు ఒకేలా ఉందా?
- 18 నిండనివాళ్లకు తల్లిదండ్రుల సంతకం
- సైకిల్ మీద ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కే డ్రాఫ్టింగ్‌కు ఆ రేసులో అనుమతి ఉందా? ఉంటే టైమ్ ట్రయల్ సైకిల్‌ను (మోచేతులు ఆనించి ముందుకు వంగి తొక్కేది) ఒప్పుకోరు, మామూలు రోడ్ సైకిలే కావాలి

## 2. ఒళ్లు మారింది, కొలతలు మళ్లీ తీసుకోండి

పెద్దవాళ్ల కోసం రాసిన ప్రణాళికల్లో ఈ మెట్టు కనిపించదు. కుర్ర అథ్లెట్‌కు మాత్రం ఇదే ముఖ్యం.

కిందటేడు మా బ్యాచ్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే కుర్రాడికి మొదటి వారంలోనే మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలైంది. పరుగు తగ్గించాడు, ఐసు పెట్టాడు, బూట్లు మార్చాడు. అయినా నొప్పి పోలేదు. ఓ ఆదివారం గోడకు ఆనించి ఎత్తు కొలిస్తే ఆరు నెలల్లో 4 సెంటీమీటర్లు పెరిగాడని తెలిసింది. సైకిల్ సీటు మాత్రం ఏడాది కిందటి గీత దగ్గరే ఉంది. సీటు కొద్దికొద్దిగా 2 సెంటీమీటర్లు పైకి జరిపి, రెండు వారాలు తేలిగ్గా తొక్కించాం. నొప్పి తగ్గింది.

సీటు ఎత్తు ఇంట్లోనే ఇలా చూసుకోవచ్చు:

1. సైకిల్‌ను ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపే స్టాండు) మీద పెట్టండి, లేదా గోడను పట్టుకుని ఎక్కండి.
2. మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను పూర్తిగా కిందికి తీసుకెళ్లండి. అప్పుడు కాలు నిటారుగా చాపుకోవాలి, నడుం పక్కకు వాలకూడదు.
3. పాదం ముందు భాగం పెడల్ మీద ఉంచి తొక్కితే కింది స్థానంలో మోకాలు కాస్త వంగి ఉండాలి.
4. ఒకేసారి 5 మి.మీ.కు మించి మార్చకండి. కొత్త ఎత్తుకు టేపుతో గుర్తు పెట్టండి.

మోకాలి చిప్ప కింద ఎముక బుడిపెలా ఉబ్బి, నొక్కితే నొప్పి పెడితే అది ఎదిగే వయసులో వచ్చే సమస్య కావచ్చు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. నొప్పి మాత్ర వేసుకుని సాధన కొనసాగించకండి.

సీజన్ మొదట్లో మామూలు ఆరోగ్య పరీక్షతో పాటు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకుంటే మంచిది. కష్టపడి సాధన చేసినా రోజురోజుకూ నీరసపడిపోతున్నవాళ్లలో కొందరికి ఇనుము లోపం బయటపడుతుంది. పరిగెడుతుంటే గుండెలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, చిన్న వయసులో గుండె జబ్బుతో పోయిన బంధువులు: ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నా ముందు గుండె డాక్టర్‌ను కలవండి.

అమ్మాయిలకు ఒక మాట. సాధన పెరిగాక నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్‌కు గుర్తని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఖర్చవుతున్న శక్తికి తగ్గ తిండి అందడం లేదని ఒళ్లు చెప్తోందని అర్థం. ఎముకలు దెబ్బతింటాయి. అమ్మకు, కోచ్‌కు, డాక్టర్‌కు చెప్పండి. దాచుకోవలసిన విషయం కాదు.

## 3. సైకిల్‌కు ఒక పూట కేటాయించండి

విశాఖ గాలిలో ఉప్పు ఎక్కువ. మూడు నెలలు బాల్కనీలో ఉన్న సైకిల్‌కు బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి.

- చైన్ సాగిందా? దాన్ని కొలిచే పలక సైకిల్ షాపులో ఉంటుంది, అడిగి చూపించుకోండి. సాగిన చైన్‌తో తొక్కితే వెనక పళ్లచక్రాలు కూడా అరిగి, ఖర్చు పెరుగుతుంది
- బ్రేక్ ప్యాడ్లలో గాజుముక్క, ఇసుక ఇరుక్కున్నాయా?
- టైర్ల మీద కోతలు. గోటితో విప్పి చూడండి
- హ్యాండిల్ బోల్టులు బిగుతుగా ఉన్నాయా? కార్బన్ భాగాలైతే ఎంత బిగించాలో వాటి మీదే రాసి ఉంటుంది, అంతకు మించకండి
- హెల్మెట్ ఒక్కసారి గట్టిగా దెబ్బ తిన్నా మార్చేయాల్సిందే. పైకి పగులు కనిపించకపోవచ్చు
- పంచర్ కిట్, రెండు ట్యూబులు, చిన్న పంపు

వెనక చక్రం ట్యూబ్ మార్చడం మీకు రాకపోతే ఈ పూటే నేర్చుకోండి. పది నిమిషాల్లో మార్చగలిగేదాకా మూడు నాలుగు సార్లు విప్పి బిగించండి.

## 4. రెండో వారంలో మూడు పరీక్షలు

మొదటి వారం అంతా తేలిగ్గా గడపండి. రెండో వారంలో వేర్వేరు రోజుల్లో ఈ పరీక్షలు పెట్టుకోండి.

ఈత. బాగా వార్మప్ అయ్యాక 400 మీటర్లు గట్టిగా ఈదండి. పది నిమిషాల విశ్రాంతి తర్వాత 200 మీటర్లు. మొదటి సమయంలోంచి రెండోది తీసేసి, రెండుతో భాగించండి. 400కు 7:20, 200కు 3:28 పడితే తేడా 232 సెకన్లు, సగం 116. అంటే 100 మీటర్లకు 1:56. ఈతలో మీ సాధన వేగం ఇదే.

సైకిల్. ట్రాఫిక్ లేని చోట 20 నిమిషాలు ఒకే పట్టున తొక్కండి. పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పరికరం) ఉంటే అది చూపించే సగటులో 95 శాతం లెక్క వేసుకోండి. లేకపోతే సగటు గుండె వేగం రాసుకోండి. విశాఖలో భీమిలి వైపు బీచ్ రోడ్డు తెల్లవారుజామున బాగుంటుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు 2023లో తెరిచిన 23 కి.మీ. సైకిల్ ట్రాక్ ఉంది. పైన సోలార్ పలకల కప్పు వల్ల ఎండ తగలదు.

పరుగు. 30 నిమిషాలు గట్టిగా పరిగెత్తి, చివరి 20 నిమిషాల సగటు గుండె వేగం రాసుకోండి.

ఫలితం చూసి దిగులు పడకండి. కిందటేడు కన్నా తక్కువే వస్తుంది. ఇవి మొదలుపెట్టడానికి కావలసిన అంకెలు మాత్రమే. ఆరో వారంలో, పదకొండో వారంలో మళ్లీ చూడండి.

## 5. పద్నాలుగు వారాల క్రమం

- 1 నుంచి 5: పునాది. రెండో వారం పరీక్షలు తప్ప అంతా మాట్లాడుతూ చేయగలిగే తీవ్రతలోనే
- 6 నుంచి 10: వారానికి రెండు మూడు గట్టి సాధనలు
- 11, 12: రేసు వేగం, ట్రాన్సిషన్ (ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారడం), సముద్రపు ఈత
- 13, 14: తగ్గింపు

మూడు వారాలు పెంచితే నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. ఆ తేలిక వారంలోనే ఒంటికి బలం పడుతుంది.

ఆరో వారం ఇలా ఉండొచ్చు. మొత్తం ఎనిమిది గంటలకు కొంచెం తక్కువ.

- సోమవారం: విశ్రాంతి
- మంగళవారం: ఈత గంట, అందులో సాధన వేగంతో ఎనిమిది 100లు. సాయంత్రం 30 నిమిషాల తేలిక పరుగు
- బుధవారం: సైకిల్ గంట, మధ్యలో నాలుగు సార్లు 5 నిమిషాలు గట్టిగా
- గురువారం: ఈత గంట, బలం పెంచే వ్యాయామాలు 35 నిమిషాలు
- శుక్రవారం: పరుగు 45 నిమిషాలు, అందులో ఐదు సార్లు 3 నిమిషాలు వేగంగా
- శనివారం: ఈత 45 నిమిషాలు
- ఆదివారం: సైకిల్ రెండు గంటలు, దిగగానే 15 నిమిషాల పరుగు

ఆదివారం సైకిల్ దిగి పరిగెత్తే మొదటి ఐదు నిమిషాలు కాళ్లు కొయ్యబారినట్టు ఉంటాయి. అందరికీ అంతే. చిన్న అడుగులు వేయండి, వేగం చూడకండి. నాలుగైదు వారాలకు ఆ ఐదు నిమిషాలు రెండుకు తగ్గుతాయి.

కాలేజీ ఎనిమిదింటికని నాలుగింటికి లేచి, రాత్రి పన్నెండు దాకా చదివే పిల్లల్ని చూస్తుంటాను. నిద్ర ఎనిమిది గంటలు పడకపోతే ఆ ఉదయం సాధన మానేయండి. ఐదు గంటల నిద్రతో చేసే గట్టి సాధన ఒంటికి పట్టదు, గాయానికి దారి తీస్తుంది.

## 6. ఈత: పూల్ నుంచి సముద్రానికి

పూల్‌లో 1500 ఈదేవాళ్లు కూడా సముద్రంలో 200 మీటర్లకే ఊపిరాడక ఆగిపోవడం చూశాను. అది శక్తి చాలక కాదు. గోడ లేదు, కింద నల్లగీత లేదు, పక్కవాడి చెయ్యి మొహానికి తగులుతుంది. ఈ మూడూ పూల్‌లోనే కొంత అలవాటు చేసుకోవచ్చు.

- తల ఎత్తి చూడటం. పూల్ చివర రంగు బాటిల్ పెట్టి, ఆరు నుంచి పది బారలకు ఒకసారి కళ్లు మాత్రమే నీటిపైకి తెచ్చి చూడండి. గడ్డం ఎత్తితే నడుం మునుగుతుంది. చూసిన వెంటనే పక్కకు తిరిగి ఊపిరి తీసుకోండి.
- గోడ లేకుండా. గోడను తన్నకుండా, మీటరు ముందే తిరిగి వచ్చేయండి. స్ప్రింట్‌లో 750 మీటర్లూ మీ చేతులే మోయాలి.
- ముగ్గురు ఒకే లేన్‌లో. భుజాలు తగిలేంత దగ్గరగా 50 మీటర్లు. కంగారు వస్తే నాలుగు బారలు బ్రెస్ట్ స్ట్రోక్ వేసి, ఊపిరి నిదానించాక మళ్లీ ఫ్రీస్టైల్.
- రెండు వైపులా ఊపిరి. అల కుడివైపు నుంచి వస్తే ఎడమవైపు తీసుకోగలగాలి.

ఇక సముద్రం సంగతి. వానాకాలం అంతా పూల్‌లోనే ఉండండి. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీసినవి. గట్టి ఈతగాళ్లూ అక్కడ పోయారు. ఒంటరిగా ఎక్కడా దిగకండి. సముద్రం తెలిసిన కోచ్, పక్కనే పడవో కయాకో, నడుముకు రంగు బోయ్ (నీటి మీద తేలే బుడగ), మెరిసే టోపీ ఉంటేనే దిగండి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం, వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజు ఒడ్డునే ఉండిపోండి.

ప్రవాహం లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగడం తగ్గాక ఏటవాలుగా బయటికి రండి. అలసిపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి.

సముద్రం దగ్గర లేనివాళ్లు చెరువుల్లో, జలాశయాల్లో సొంతంగా దిగకండి. అడుగున నాచు, వలలు, లోతు తెలియని గుంటలు ఉంటాయి. రేసు ముందురోజు నిర్వాహకులు పెట్టే అభ్యాస ఈతకు తప్పకుండా వెళ్లండి, అది సరిపోతుంది.

## 7. ట్రాన్సిషన్: అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేర్చుకునే విద్య

ఫిట్‌నెస్ పెంచుకుని ఒక నిమిషం తగ్గించాలంటే నెలలు పడుతుంది. ట్రాన్సిషన్‌లో అదే నిమిషం నాలుగు సాయంత్రాల్లో తగ్గుతుంది.

ఈత నుంచి సైకిల్‌కు:

1. నీళ్లలోంచి లేవగానే గాగుల్స్ నుదుటి మీదికి. పరిగెడుతూ టోపీ, గాగుల్స్ చేతిలోకి.
2. ముందు హెల్మెట్. పట్టీ టక్‌మనేదాకా సైకిల్‌ను ముట్టుకోకండి, పెనాల్టీ పడుతుంది.
3. నంబర్ బెల్ట్. సైకిల్ మీద నంబరు వెనక్కి, పరుగులో ముందుకి.
4. సీటు పట్టుకుని సైకిల్ నడిపిస్తూ వెళ్లి, సైకిల్ ఎక్కేందుకు నేల మీద గీసిన గీత దాటాకే ఎక్కండి.

సైకిల్ నుంచి పరుగుకు:

1. దిగేందుకు గీసిన గీతకు ముందే దిగండి.
2. సైకిల్‌ను స్టాండుకు తగిలించాకే హెల్మెట్ పట్టీ విప్పండి.
3. సాగే లేసుల బూట్లు. మడమ దగ్గర కొంచెం పౌడర్ వేసి ఉంచితే తడి కాలు జారి లోపలికి పోతుంది.
4. టోపీ పరిగెడుతూ పెట్టుకోవచ్చు.

ఇంట్లో అభ్యాసం చేసేటప్పుడు చేతులు బకెట్ నీళ్లలో ముంచి, అక్కడికక్కడే ముప్పై సెకన్లు గెంతి, అప్పుడు పట్టీ పెట్టుకోండి. తడి వేళ్లు, ఎగిసిపడే ఊపిరి. ఆ స్థితిలో ఆ చిన్న ప్లాస్టిక్ నాలుక గాడిలో దూరదు, రెండుసార్లు జారుతుంది. రేసులో అదే జరుగుతుంది కాబట్టి చూడకుండా, గడ్డం కింద వేలితో తడిమి పెట్టడం నేర్చుకోండి.

నా మొదటి ఒలింపిక్ దూరం రేసులో నీళ్లలోంచి వచ్చి నా సైకిల్ ఏ వరసలో ఉందో గుర్తుపట్టలేక నిమిషంన్నర తిరిగాను. వందలాది సైకిళ్లు, ఒకేలాంటి స్టాండ్లు. అప్పటి నుంచి రేసు ఉదయం ఈత బయటికి వచ్చే ద్వారం నుంచి నా సైకిల్ దాకా మూడుసార్లు నడుస్తాను. ఎడమవైపు ఎన్నో వరస, పక్కన ఏ స్తంభం ఉంది, చెప్పుకుంటూ నడుస్తాను. మీరూ అలాగే చేయండి.

## 8. తిండి, నీళ్లు, ఉక్కపోత

ఎండకు, ఉక్కకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. 11, 12 వారాల్లో రెండు మూడు తేలిక సాధనలు ఉదయం ఎనిమిది తర్వాత చేయండి. మధ్యాహ్నం ఎండలో వద్దు.

చెమట లెక్క తెలుసుకోండి. గంట సైకిల్‌కు ముందు, తర్వాత తక్కువ బట్టలతో, ఒళ్లు తుడుచుకుని బరువు చూడండి. 60 కిలోలు 58.9 అయ్యాయి, మధ్యలో అర లీటరు తాగారు. అంటే గంటకు 1.6 లీటర్ల చెమట. అంతా తాగనక్కర్లేదు, దాహాన్ని బట్టి సగానికి కాస్త అటూఇటుగా చాలు. పోయిన చెమట కన్నా ఎక్కువ నీళ్లు తాగడం ప్రమాదం. రెండో బాటిల్‌లో ఓఆర్ఎస్ గానీ, ఉప్పు పంచదార కలిపిన నిమ్మరసం గానీ పోసుకోండి.

గంటన్నర లోపు రేసుకు జెల్స్ (చిన్న ప్యాకెట్లలో వచ్చే తియ్యటి ముద్ద) గుప్పిళ్లకొద్దీ అక్కర్లేదు. సైకిల్ మీద ఒకటి చాలు. అంతకు మించిన సాధనల్లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోండి. మధ్యరకం అరటిపండులో ఇంచుమించు 25 గ్రాములు ఉంటుంది.

రేసు ఉదయం తిండి రెండున్నర గంటల ముందు: నాలుగు ఇడ్లీలు, కొంచెం పంచదారో తేనో. సాంబారు, కొబ్బరి చట్నీ, కారప్పొడి ఆ పూటకు వద్దు. రాగిజావ అలవాటున్నవాళ్లు అదే తాగండి. ఏది తిన్నా ముందు కనీసం మూడు ఆదివారాలు తిని చూసినదే అయ్యుండాలి.

జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు, మూత విప్పి ఉన్న డబ్బాలు ముట్టుకోకండి. జాతీయ పోటీల్లో డోప్ పరీక్ష ఉండొచ్చు. లేబుల్ మీద లేని పదార్థం దొరికినా బాధ్యత మీదే. జలుబు మందు వేసుకునే ముందు కూడా మీరు అథ్లెట్ అని డాక్టర్‌కు చెప్పండి.

సాధనలో ఎవరైనా తడబడుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు తెచ్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి. పోయడం ఆపకండి.

## 9. ఎక్కువగా చేసే తప్పులు

ప్రతి సాధనా పోటీలా చేయడం. గుంపుతో సైకిల్ తొక్కేటప్పుడు ఇది ఎక్కువ. తేలిక రోజు ఒంటరిగా తొక్కండి.

ఉదయం నాడి పట్టించుకోకపోవడం. లేవగానే నాడి మామూలు కన్నా ఏడెనిమిది ఎక్కువగా రెండు రోజులు ఉంటే ఆ రోజు విశ్రాంతి.

ఒక వారం జ్వరంతో పోతే మరుసటి వారం రెండింతలు చేయడం. పోయింది పోయింది. ప్రణాళికలో ఉన్న వారం నుంచే, సగం మోతాదుతో అందుకోండి.

పిక్కనొప్పితో పరుగు. ఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి ఉంటే పరుగు ఆపి డాక్టర్‌కు చూపించండి. కండరం బిగుతైతే మూడు రోజులు ఈతకు మారండి.

## 10. చివరి పది రోజులు, రేసు రోజు

గంటలు సగానికి తగ్గించండి, కానీ ప్రతి సాధనలో రెండు మూడు నిమిషాలు రేసు వేగం ఉంచండి. కాళ్లు బరువుగా, ఒళ్లు బద్ధకంగా అనిపిస్తుంది. ఫిట్‌నెస్ పోయిందనుకుని చివరి వారంలో గట్టి సాధన చేసేవాళ్లు రేసుకు అలసిపోయి వెళ్తారు.

ముందురోజు:

- ట్రైసూట్ (ఈత, సైకిల్, పరుగు మూడిటికీ వేసుకునే బట్ట), గాగుల్స్ రెండు జతలు, టోపీ, చిప్ పట్టీ (సమయం లెక్కించే చిప్‌కు)
- హెల్మెట్, బూట్లు, నంబర్ బెల్ట్
- పంపు, ట్యూబులు, పానాలు
- గుర్తింపు కార్డు, సన్‌స్క్రీన్, వాజలిన్
- సైకిల్ ముందురోజే అప్పగించాల్సి ఉంటే టైర్లలో కాస్త గాలి తగ్గించి, ఉదయం కొట్టండి. 60 కిలోల చుట్టూ ఉండి 25 మి.మీ. టైర్లైతే 75 నుంచి 85 పీఎస్ఐ చాలు
- గేర్ తేలికదానిలో పెట్టి ఉంచండి, ఎక్కగానే తొక్కేందుకు

ఈతలో మొదటి 100 మీటర్లు కావాలనే నిదానంగా. సైకిల్‌లో మొదటి 5 కి.మీ. ఊపిరి కుదుటపడేదాకా ఆగండి, చివరి కిలోమీటరు తేలిక గేర్‌లో కాళ్లు తిప్పండి. పరుగులో మొదటి కిలోమీటరు మీరనుకున్న వేగం కన్నా పది సెకన్లు నిదానం. మూడో కిలోమీటరు నుంచి మిగిలినదంతా పెట్టండి.

రేసు అయిన సాయంత్రం ఎంత అలసటగా ఉన్నా రెండు పనులు చేయండి. నోట్‌బుక్‌లో ఆరు వాక్యాలు రాయండి: ఏం తిన్నారు, ఎంత తాగారు, ఎక్కడ కంగారుపడ్డారు. తర్వాత సైకిల్‌ను మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చైన్‌కు నూనె వేయండి. మీ ఒంటి మీంచి కారిన సముద్రపు నీళ్లు హ్యాండిల్ బోల్టుల తలల్లో నిలిచి ఉంటాయి. తెల్లారేదాకా వదిలేయకండి.